అరలో టామ్ మామ పక్కన ఫిలిస్ అత్త కూడా ఉండాలి

సంపాదకుడు గారికి నమస్కారాలు.

పాత పుస్తకాల మీద పెట్టుబడి గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. బానిసత్వం మీద అమెరికాలో వాదోపవాదాలు నడిచిన రోజుల్లో వెలువడిన నవలలకి, ముఖ్యంగా వాటి మొదటి ముద్రణలకి ఇప్పుడు మంచి ధర పలుకుతోందనీ, అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్ళు స్థలాలూ బంగారమే కాకుండా వీటి వైపు కూడా ఓ చూపు వేయొచ్చనీ రాశారు. నాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఉద్యోగానికి మసాచుసెట్స్ వచ్చి, రిటైరయ్యాక వూస్టర్‌లోనే ఉండిపోయాను. సరిగ్గా ఈ నవలలు పోగుచేయడమే నాకున్న పిచ్చి. ఇంట్లో అందరూ ఆ మాటే అంటారు. కాబట్టి ఈ ఉత్తరం కాస్త పొడుగైతే మన్నించండి.

ముందు ఫోటో సంగతి. ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’ మొదటి ముద్రణ అంటూ మీరు వేసినది ఒకే సంపుటం, లావుపాటిది, నిండా బొమ్మలున్నది. అది 1852 క్రిస్మస్ అమ్మకాల కోసం 1853 సంవత్సరం వేసి తెచ్చిన బొమ్మల ముద్రణ. అందులో వందకి పైగా బొమ్మలుంటాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ మొదటిది మాత్రం కాదు. బానిసత్వాన్ని ఎండగడుతూ హ్యారియెట్ బీచర్ స్టో రాసిన ఈ నవలని బోస్టన్‌లో జాన్ పి. జ్యూయెట్ 1852 మార్చి 20న విడుదల చేశాడు. అది రెండు సంపుటాలు. టైటిల్ పేజీ మీదున్న చిన్న బొమ్మ కాక, లోపల హ్యామట్ బిల్లింగ్స్ గీసిన పూర్తి పేజీ బొమ్మలు ఆరే ఉంటాయి. మొదట వేసింది 5,000 ప్రతులు. అవి చూస్తుండగానే అయిపోయాయి. ఆ తర్వాత వేసిన వాటి టైటిల్ పేజీల మీద ‘టెన్త్ థౌజండ్’ అనీ, ‘ట్వెంటియెత్ థౌజండ్’ అనీ ఎన్నో వేలో గొప్పగా అచ్చువేసుకుంటూ పోయాడు. ఆ మాట ఉందంటే అది మొదటి ముద్రణ కాదు. పైగా సంవత్సరం 1852 అనే ఉంటుంది కాబట్టి కొత్తవాళ్ళు అక్కడే బోల్తా పడతారు. ఒక సంపుటం మొదటి ముద్రణదీ, రెండోది ఎన్నో వేలదీ తెచ్చి జతకలిపి అమ్మేవాళ్ళూ ఉన్నారు. రెండు టైటిల్ పేజీలూ విడివిడిగా చూడందే డబ్బు తీయకూడదు.

మీ వ్యాసంలో ‘అరుదైన’ అనే మాట పదే పదే వచ్చింది. ఏడాదిలో అమెరికాలోనే 3 లక్షల ప్రతులు పోయిన పుస్తకం అరుదెలా అవుతుంది? స్టోకి మొదటి మూడు నెలల అమ్మకాల మీద వచ్చిన రాయల్టీయే 10,300 డాలర్లు. ఇంగ్లండులో ఇంతకంటే ఎక్కువ పోయింది కానీ, అప్పటికి రెండు దేశాల మధ్య కాపీరైటు ఒప్పందం లేదు కాబట్టి అక్కడివాళ్ళు ఎవరికి వాళ్ళు అచ్చేసుకున్నారు. ఈ పుస్తకంలో అరుదైనది పుస్తకం కాదు, దాని స్థితి. ఇల్లిల్లూ తిరిగి, దీపం పక్కన పెట్టుకుని చదివి, పిల్లల చేతుల్లో నలిగిన పుస్తకమది. వెన్ను ఊడకుండా, గుడ్డ బైండు మీద బంగారు అద్దకం చెరగకుండా, కాగితం మీద గోధుమరంగు మచ్చలు రాకుండా ఉన్న జత దొరకడమే కష్టం. అలాంటిది దొరికితే వేల డాలర్లు అడుగుతారు, న్యాయమే. నా దగ్గరున్న జత అలాంటిది కాదు. రెండో సంపుటం వెన్ను ఎవరో పాతకాలం నాటి జిగురుతో అతికించారు. మొదటి అట్ట లోపల పెన్సిలుతో ఒక ఆడపిల్ల పేరు, కింద కూడికల లెక్క. ఆ కూడిక తప్పు. ధర తగ్గించమని అడగడానికి అదే నాకు సాయపడింది.

అసలు మొదటి ముద్రణ అంటే పుస్తకమే ఎందుకు కావాలి? మన ఇళ్ళల్లో వారపత్రికల్లోంచి సీరియల్ కాగితాలు చింపి, దబ్బనంతో కుట్టి, అట్ట వేసి దాచుకునేవాళ్ళు గుర్తున్నారా? ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’ కూడా సీరియలే. వాషింగ్టన్‌లో గెమేలియల్ బెయిలీ నడిపిన ‘నేషనల్ ఎరా’ వారపత్రికలో 1851 జూన్ 5న మొదలై 1852 ఏప్రిల్ 1 దాకా వచ్చింది. లెక్క చూడండి, పుస్తకం బయటికి వచ్చిన పన్నెండు రోజులకి గానీ సీరియల్ పూర్తి కాలేదు. వారంవారం ఎదురుచూసినవాళ్ళ కంటే ముందే బోస్టన్‌లో డబ్బున్నవాళ్ళకి ముగింపు తెలిసిపోయింది! ఆ పత్రిక సంచికలు వరుసగా దొరకడం పుస్తకం దొరకడం కంటే ఎంతో కష్టం. పెట్టుబడి వ్యాసాల్లో వాటి ఊసే ఉండదు. పాత వార్తాపత్రికని బీరువాలో అద్దం వెనక నిలబెట్టి చూపించుకోలేరు కదా.

ఇంతకీ ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం మీ వ్యాసం చివర్లో ఉన్న ఒక వాక్యం. స్టో నవలకి జవాబుగా బానిసత్వాన్ని సమర్థిస్తూ వచ్చిన నవలలకి ‘పెద్దగా విలువ లేదు, వదిలేయవచ్చు’ అన్నారు. ధర లేదనడం నిజం. వదిలేయవచ్చనడమే నేను ఒప్పుకోను.

ఆ నవలలు ఒకటీ రెండూ కాదు. స్టో పుస్తకం వచ్చిన 1852లోనే ఫిలడెల్ఫియాలో లిపిన్‌కాట్, గ్రాంబో సంస్థ మేరీ ఈస్ట్‌మన్ రాసిన ‘ఆంట్ ఫిలిసెస్ క్యాబిన్’ వేసింది. ఆవిడ వర్జీనియా మనిషి, సైన్యంలో పనిచేసే చిత్రకారుడు సేథ్ ఈస్ట్‌మన్ భార్య. అదే ఏడాది, అదే ఊళ్ళో చార్లెస్ జేకబ్స్ పీటర్సన్ మారుపేరుతో ‘ది క్యాబిన్ అండ్ పార్లర్’ రాశాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నుంచి ఇంకొకటి వచ్చింది. 1853లో రిచ్‌మండ్‌లో జె. డబ్ల్యు. పేజ్ అనే ఆయన రాసిన దానికైతే పేరులోనే వాదమంతా ఉంది: వర్జీనియాలో రాబిన్ మామకి గుడిసె ఉంది, బోస్టన్‌లో టామ్‌కి అదీ లేదు. బానిసత్వం లేని ఉత్తరాది రాష్ట్రాల ఫ్యాక్టరీ కూలివాడి కంటే అది ఉన్న దక్షిణాదిలో బానిస సుఖంగా ఉన్నాడని వీళ్ళందరి పాట. ఈ పుస్తకాల్లో చాలావాటి టైటిల్ పేజీ తిప్పితే కనిపించేవి ఉత్తరాది ఊళ్ళే. అచ్చు యంత్రాలూ, కాగితం మిల్లులూ, అమ్మే ఏర్పాటూ అక్కడే ఉండేవి. బానిసత్వం మంచిదని చెప్పే పుస్తకాన్ని బానిసత్వం లేని రాష్ట్రంలో అచ్చేసి లాభం చేసుకున్నారు. వ్యాపారం రెండో వైపు కూడా పనిచేసింది. స్టో నవలని ముందు అడిగితే దక్షిణాది గిరాకీ పోతుందని వద్దన్నారని చెప్పే బోస్టన్ సంస్థ ఫిలిప్స్, శాంప్సన్, 1856లో ఆవిడ రెండో నవల ‘డ్రెడ్’ని తనే రెండు సంపుటాలుగా వేసింది. పుస్తకాల వెనక పేజీల్లో ఉండే ప్రకటనలు చూస్తే ఈ సంగతులు తెలుస్తాయి. అందుకే ఆ పేజీలు ఊడిపోయిన ప్రతిని నేను కొనను.

‘ఆంట్ ఫిలిస్’ కొన్నప్పుడు మా ఆవిడ అంది, “ఏమండీ, ఆ స్టో గారిది కొన్నారంటే అర్థం ఉంది. ఈవిడెవరో బానిసలు సుఖంగా ఉన్నారని రాస్తే, దానికి కూడా డబ్బు పొయ్యాలా?”

దీనికి నా జవాబు మా తాతగారి అరుగు మీద ఉంది. మా ఇంట్లో ఏడాది జీతానికి పాలేళ్ళు ఉండేవాళ్ళు. సాయంత్రం అరుగు మీద చేరిన పెద్దలు వాళ్ళ గురించి మాట్లాడుకునేవాళ్ళు. “వాడికేం తక్కువండీ, మా ఇంట్లో మనిషే. పండక్కి పంచెల చాపు, పిల్ల పెళ్ళికి ధాన్యం. టౌన్లో రిక్షా తొక్కేవాడి బతుకు కంటే వీడి బతుకు నయం కాదూ?” తీసుకున్న అప్పు తీరక ఆ పాలేరు పదేళ్ళ కొడుకుని కూడా గొడ్ల దగ్గర పెట్టిన సంగతి మాత్రం ఆ మాటల్లోకి వచ్చేది కాదు. పాలేరుతనమూ అమెరికా బానిసత్వమూ ఒకటేనని నేను అనడం లేదు. బిడ్డల్ని తల్లి దగ్గర్నుంచి లాక్కుపోయి వేలం వేసిన వ్యవస్థ అది. కానీ దాన్ని సమర్థించే గొంతు ఉందే, ఆ దయగల గొంతు, అది అచ్చం మా అరుగు మీదిదే. కొరడా పట్టుకున్న దుర్మార్గుడిని స్టో నవలలో చూసి అసహ్యించుకోవడం ఎవరికైనా తేలికే. ఉత్తరాది వాళ్ళు పారిపొమ్మని బోధించినా యజమానిని విడవని ఫిలిస్‌ని మెచ్చుకుంటూ ఈస్ట్‌మన్ రాసిన పేజీలు చదువుతుంటే నాకు ఒళ్ళు ముడుచుకుంటుంది. మా వాళ్ళ మాట ఇంగ్లీషులో వింటున్నట్టు ఉంటుంది. నా తరంలో చాలామంది తెలుగువాళ్ళకి ఈ చరిత్ర సహవాసి గారు తెలుగు చేసిన ‘ఏడు తరాలు’తో తెలిసింది. అది బానిసగా అమ్ముడుపోయిన కుంటా కింటే వైపు కథ. దొర వైపు కథ కూడా వినాలి, నమ్మడానికి కాదు, గుర్తుపట్టడానికి.

ఈ నవలల్లో నాకు అన్నిటికంటే ఆసక్తి కరోలిన్ లీ హెంట్జ్ మీద. ‘ది ప్లాంటర్స్ నార్తర్న్ బ్రైడ్’ అని 1854లో రాసింది. బానిసత్వాన్ని వ్యతిరేకించే ఉత్తరాది పెద్దమనిషి కూతురు దక్షిణాది భూస్వామిని పెళ్ళాడి అక్కడంతా బాగానే ఉందని తెలుసుకుంటుంది, అదీ కథ. ఈవిడ దక్షిణాదిలో పుట్టింది కాదు. మా వూస్టర్‌కి కూతవేటు దూరంలోని లాంకస్టర్‌లో 1800లో పుట్టింది. సిన్సినాటీలో ఉన్న రోజుల్లో ‘సెమీ-కోలన్ క్లబ్’ అనే సాహిత్య కూటమిలో ఆవిడా స్టో ఇద్దరూ సభ్యులు. ఒకే గదిలో కూర్చుని కథలు చదువుకున్న ఇద్దరు ఆడవాళ్ళు ఇరవై ఏళ్ళ తర్వాత ఎదురెదురుగా నిలబడ్డారు. ఈ ఇద్దరి పుస్తకాలూ నా అరలో పక్కపక్కనే ఉంటాయి. వేలం లెక్కల్లో ఒకదాని ముందు ఇంకొకటి చిల్లర.

ఇక స్టో పుస్తకం దగ్గరుండడమే నేరమైన చోటు గురించి మీరు రాయలేదు. మేరీలాండ్‌లో శామ్యూల్ గ్రీన్ అనే నల్లజాతి పాస్టరుకి, అప్పటికే స్వతంత్రుడైనా, ఇంట్లో ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’ ఉందని 1857లో పదేళ్ళ జైలు శిక్ష పడింది. బానిసలు పారిపోవడానికి సాయం చేస్తున్నాడని అనుమానించి సోదా చేశారు. కెనడా మ్యాపు, రైళ్ళ వేళల కాగితాలు కూడా దొరికాయి. కానీ శిక్ష వేయడానికి పనికొచ్చింది నవలే. రాష్ట్రం విడిచి పోవాలనే షరతు మీద 1862లో వదిలారు. ఏ ప్రతి ఎక్కడ ఎవరి ఇంట్లో ఉండేదన్నది ధరల పట్టికలో ఒక గడి కాదని చెప్పడానికి ఇది చాలు.

నల్లజాతి రచయితల విషయానికి వస్తే మీ వ్యాసంలో ఒక్క పేరూ లేదు. అసలు అరుదైనవంటే ఇవీ. బానిసగా పుట్టి పారిపోయిన విలియం వెల్స్ బ్రౌన్ ‘క్లోటెల్, ఆర్ ది ప్రెసిడెంట్స్ డాటర్’ని 1853లో లండన్‌లో పార్ట్రిడ్జ్ అండ్ ఓకీ ద్వారా తెచ్చాడు. ఆఫ్రికన్ అమెరికన్ రచయిత అచ్చేసిన మొదటి నవల అది. అమెరికాలో కాదు, లండన్‌లో! 1850 నాటి చట్టం ప్రకారం పారిపోయిన బానిసని ఏ రాష్ట్రంలోనైనా పట్టుకుని యజమానికి అప్పగించవచ్చు కాబట్టి అప్పుడు ఆయన ఇంగ్లండులోనే ఉండిపోయాడు. అందులో కథానాయిక సాక్షాత్తూ అధ్యక్షుడు జెఫర్సన్ కూతురు. 1864లో ఇదే కథ బోస్టన్‌లో చవక ముద్రణగా వచ్చేటప్పటికి జెఫర్సన్ పోయి పేరులేని సెనేటరు వచ్చాడు. రెండు ముద్రణలూ పక్కన పెట్టుకుని చూస్తే గానీ ఈ తేడా కంటికి ఆనదు. లండన్ ముద్రణ నా తాహతుకి మించినది. ఒక గ్రంథాలయంలో చూసి వచ్చాను.

హ్యారియెట్ విల్సన్ ‘అవర్ నిగ్’ సంగతి ఇంకా కష్టం. 1859లో బోస్టన్‌లో రచయిత్రి సొంతంగా అచ్చు వేయించుకుంది. కొడుకుని పోషించుకోవడానికి నాలుగు డబ్బులు వస్తాయని ఆశ. కొడుకు మరుసటి ఏడే జ్వరంతో పోయాడు. అందులో చూపించింది దక్షిణాది తోట కాదు, న్యూ హాంప్‌షైర్‌లో ఒక తెల్లవారి ఇంట్లో పనిపిల్ల పడ్డ హింస. ఉత్తరాది వాళ్ళ ఇంటి గుట్టు చెప్పిన పుస్తకాన్ని ఉత్తరాదిలో ఎవరు పట్టించుకుంటారు? నూరేళ్ళకి పైగా మరుగున పడిపోయింది. న్యూయార్క్‌లో ఒక పాత పుస్తకాల వ్యాపారి దగ్గర ప్రతి కొన్న సాహిత్య పరిశోధకుడు హెన్రీ లూయిస్ గేట్స్ దాని మీద పనిచేసి 1983లో మళ్ళీ తెచ్చాడు. రచయిత్రి నల్లజాతి మనిషేనని తేల్చడానికి ఉపయోగపడింది ఆ కొడుకు మరణ ధ్రువపత్రం. దొరికిన ప్రతుల మీద సంతకాలు ఆరా తీస్తే అవి ఎక్కువగా ఆవిడ పెరిగిన మిల్‌ఫర్డ్ చుట్టుపక్కల తెల్లవారి ఇళ్ళకే చేరాయని తేలింది. ‘పాత యజమాని సంతకం ఉంటే ధర తగ్గుతుంది’ అని మీ వ్యాసం సలహా ఇచ్చింది. ఆ సంతకాలే లేకపోతే ఈ కబురు మనకి తెలిసేదా? దయచేసి ఎవరూ వాటిని రబ్బరుతో చెరపకండి.

మరో నల్లజాతి రచయిత మార్టిన్ డిలేనీ నవల ‘బ్లేక్’కైతే అప్పట్లో పుస్తకమే లేదు. 1859 నుంచి 1862 దాకా పత్రికల్లో వచ్చింది. పుస్తకంగా 1970లో వేశారు. చివరి అధ్యాయాలున్న సంచికలు ఈనాటికీ దొరకలేదు. ఎవరి అటక మీదైనా ఉన్నాయేమోనని నాలాంటివాళ్ళ ఆశ.

ఇవన్నీ మిగలడానికి కారణం పెట్టుబడిదారులు కారు. వాషింగ్టన్ హవార్డ్ యూనివర్సిటీ (హార్వర్డ్ కాదు) లైబ్రేరియన్ డొరొతీ పోర్టర్ లాంటివాళ్ళు. ఆవిడ కాలంలో గ్రంథాలయాల వర్గీకరణ ప్రకారం నల్లజాతి రచయిత ఏం రాసినా, కవిత్వమైనా సరే, 326 అంకె కింద, అంటే బానిసత్వం కింద, లేకపోతే 325 కింద, వలసల్లో పెట్టేవాళ్ళు. ఆవిడ ఆ పద్ధతి పక్కన పెట్టి కవిత్వాన్ని కవిత్వంలో, చరిత్రని చరిత్రలో పెట్టింది. 1948లో హానా క్రాఫ్ట్స్ అనే పేరుతో ఉన్న ఒక చేతిరాత నవలని 85 డాలర్లు పెట్టి సొంతానికి కొనుక్కుంది. అదే 2001లో వేలానికి వస్తే పాడినవాడు గేట్స్ ఒక్కడే. మరుసటి ఏడాది ‘ది బాండ్‌ఉమన్స్ నరేటివ్’గా అచ్చయి బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది. వేలంలో ఒక్క చెయ్యి లేచిందంటే ఆ వస్తువుకి విలువ లేదని మీ వ్యాసకర్త లెక్క. ఆ లెక్క ఎంతవరకు నిజమో దీన్నిబట్టి చూసుకోవచ్చు.

కొనాలని సరదా ఉన్న కుర్రవాళ్ళకి నాదొక మాట. ముందే స్టో రెండు సంపుటాల మీదికి దూకకండి. 1853 నాటి ‘ఆటోగ్రాఫ్స్ ఫర్ ఫ్రీడం’ లాంటివాటి కోసం చూడండి. రోచెస్టర్ ఆడవాళ్ళ బానిసత్వ వ్యతిరేక సంఘం నిధుల కోసం జ్యూయెటే వేసింది. బానిసత్వం నుంచి తప్పించుకుని దాని మీద పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ రాసిన కథ ‘ది హీరోయిక్ స్లేవ్’ అందులో ఉంది, ఒక్కొక్క రచన కింద రాసినవాళ్ళ సంతకం నకలు కూడా. మధ్యతరగతి జేబుకి అందుతుంది. స్టో నవలకే 37½ సెంట్లకి వేసిన కాగితపు అట్ట ముద్రణ ఒకటుంది, ‘లక్షలమంది కోసం’ అని జ్యూయెట్ ప్రకటించుకున్నది. రెండు వరుసల్లో చిన్న అచ్చు. పేదవాళ్ళు చదివి చింపేశారు, అందుకే శుభ్రమైన ప్రతి దొరకడం కష్టం. జ్యూయెట్ వ్యాపారం మాత్రం 1857 ఆర్థిక సంక్షోభంలో మునిగింది. లాభం సంగతి అంతగా పట్టినవాళ్ళు అది కూడా గుర్తుపెట్టుకోవచ్చు.

పిల్లలకి వీటి మీద ఆసక్తి లేదు. నాకు దాని గురించి బాధా లేదు. ఈ మధ్య ఇక్కడి ఒక కాలేజీ వాళ్ళని పిలిచి చూపించాను. స్టో జత, ‘డ్రెడ్’, ‘ఆటోగ్రాఫ్స్’ సంతోషంగా తీసుకుంటామన్నారు. ఈస్ట్‌మన్, హెంట్జ్, పేజ్ వగైరాలకి చోటు లేదన్నారు. విడదీసి ఇవ్వనని చెప్పాను. రెండు పక్షాలనీ కలిపి ఒకే అరలో పెట్టేవాళ్ళు మీ పాఠకుల్లో ఎవరైనా, ఏ విశ్వవిద్యాలయంలోనైనా ఉంటే మీ కార్యాలయం ద్వారా కబురు పంపించమనండి. దారి ఖర్చులు నేనే పెట్టుకుంటాను.

ఇట్లు
మీ పాఠకుడు,
వూస్టర్, మసాచుసెట్స్